నల్ల పీట

“పలుకుతోంది సార్! రండి, పలుకుతోంది!”

హైమవతి కేక వరండా దాటి, జీడిమామిడి తోపు దాటి, రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్నవాడి చెవిన కూడా పడివుంటుంది. పక్కగదిలో కూర్చున్న డాక్టర్ వరాహమూర్తి గారికి మాత్రం వినిపించలేదు. ఆయన చెవి మిషను ఆ పూట మళ్ళీ మొరాయించింది. ఆ నెలలో అది మూడోది.

హైమ పరుగున వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుని దాదాపు ఈడ్చుకొచ్చింది. బల్ల మీద నల్లటి పలక ఒకటి ఉంది. చపాతీ పీట కన్నా కాస్త పెద్దది, రెండు వేళ్ళ మందం. గవ్వల పొడిలో నాలుగు రకాల లోహాలు కలిపి, పదకొండు నెలలపాటు కాల్చి, పగలగొట్టి, మళ్ళీ కాల్చి చేసిన పలక అది. కాగితాల్లో దానికి ఏదో నంబరుంది. హైమ నోట్లో అది పీటే. పీట మీద ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో. పొద్దున్న ఎవరింటి అటక మీంచో తెచ్చినప్పుడు దాని పొట్టలో సెల్లు కారిపోయి, రాగి తీగలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఇప్పుడవి చింతపండుతో తోమిన చెంబులా మెరుస్తున్నాయి. రేడియోలో ఎవరో అమ్మాయి సముద్రంలోకి వెళ్ళే జాలర్లకు వాతావరణం చదివి వినిపిస్తోంది.

వరాహమూర్తి గారు రేడియో మీద అరచెయ్యి ఆన్చారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“వణుకుతోందమ్మా! ఎంతసేపు పెట్టావు?”

హైమ నాలుగు వేళ్ళు, ఒక సున్నా చూపించింది. నలభై నిమిషాలు. విప్పలేదు, ముట్టుకోలేదు.

“ఇరవయ్యేళ్ళుగా తుప్పు ఎందుకు పడుతుందో రాసుకుంటూ కూర్చున్నాం,” అన్నారాయన గొంతు పెద్దది చేసి. “అది వెనక్కి పోవడం ఇవాళ చూశాం!”

సరిగ్గా అప్పుడే నెత్తి మీద ఫ్యాను కీచుమని మూలిగి ఆగిపోయింది.

“ఉప్పుగాలి,” అన్నారు ఇద్దరూ ఒకేసారి, నవ్వుతూ. సముద్రానికి ఎదురుగా కట్టిన ఆ ప్రయోగశాలలో ఏది పాడైనా అదే జవాబు. స్టెబిలైజరు పోయినా, టీ కాచే కెటిలు పోయినా, ఎవరూ ఎందుకని అడగరు.

“వచ్చే వారం కాక పై వారం, బుధవారం నాడు, దీన్ని తయారుచేసి అమ్మే కంపెనీవాళ్ళు చూడ్డానికి వస్తారు,” అన్నారు వరాహమూర్తి గారు. “ఈలోపు మామూలు ఇంట్లో ఒకసారి పెట్టి చూడాలి. ఏళ్ళ తరబడి వాడకుండా దాచిన వస్తువులు మీ ఇంట్లో ఏమైనా ఉన్నాయా?”

హైమ నవ్వాపుకోలేక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జేబులోంచి ఆయన పెన్ను లాక్కుని కాగితం మీద రాసి చూపించింది: ‘మా అత్త షోకేసు.’

*

మల్కాపురంలో హైమ వాళ్ళ ముందుగదికి ఆ షోకేసే అందం. మామగారు పైడయ్య ముప్ఫయ్యేళ్ళు ఓడరేవులో క్రేను నడిపాడు. పరాయి దేశపు నావికులు దిగేటప్పుడు తమ దగ్గరున్న సామాన్లు అమ్ముకునేవారు. అలా ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. గుడ్లు ఉడకబెట్టే డబ్బా, రొట్టెలు కాల్చే మిషను, జుట్టు ఆరబెట్టేది, గోడ మీద బొమ్మలు వేసే ప్రొజెక్టరు, నడుం నొప్పికి బుర్రుమని తిరిగే మర్దనా మిషను, అన్నిటికన్నా పై అరలో, కుట్టుపని చేసిన తెల్లగుడ్డ కింద, వెండిరంగు టేప్ రికార్డరు. అత్తగారు అప్పలనరసమ్మ ప్రతి శుక్రవారం తలంటుకుని, పాత పంచె ముక్కతో వాటిని తుడిచి, మళ్ళీ గుడ్డలు కప్పి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకునేది. వాటిలో ఒక్కటీ ఇంట్లో ఎవరికీ ఉపయోగపడింది లేదు.

కోడలిగా వచ్చిన కొత్తలో హైమ ఊరుకోలేక చెప్పింది. “నెలకోసారి ఒక పావుగంట నడపాలత్తా. ఊరికే ఉంచితే లోపల రబ్బర్లు గట్టిపడిపోతాయి, కెపాసిటర్లు ఎండిపోతాయి. సెల్లులు తీసేసి దాచాలి.”

“బాగా సెప్పినావే,” అంది అప్పలనరసమ్మ. “వాడితే అరిగిపోవేటి?”

ఆ వాదన ఇరవై రెండేళ్ళు సాగింది. ఇద్దరిలో ఎవరూ ఓడలేదు. షోకేసులో వస్తువులు మాత్రం ఒకటొకటిగా లోలోపలే చచ్చిపోయాయి.

అందుకే శుక్రవారం సాయంత్రం హైమ సంచిలోంచి పీట తీసి సంగతి చెప్పగానే ముసలమ్మ కళ్ళు ఇంతింతలయ్యాయి.

“వాడకండా బాగుంటాయా? ఒట్టే?”

“ఒట్టత్తా. దీని మీద పెడితే చాలు.”

“సూసినావా మరి! నాను ముందే సెప్పినాను, వాడక్కర్నేదని!” అంటూ ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి పసుపు, కుంకుమ తెచ్చింది. కొత్త పీట ఇంట్లోకి వస్తే బొట్టు పెట్టకుండా ఎలా? పీట నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, షోకేసు కింది అరలో దాన్ని కూర్చోబెట్టింది. దాని మీద మర్దనా మిషను.

పక్కనే మంచం మీంచి పైడయ్య గొంతు వినిపించింది. “ఆ పీట మీద నన్ను కూడా కూకోబెట్టవే. కొత్తోణ్ణయిపోతాను.”

“నువ్వు నడుస్తున్నంతకాలం నీ గోల నాకెందుకు? ముందు బుర్రుమనీది సూడనీ,” అంది భార్య.

పైడయ్య నవ్వబోయి దగ్గాడు. నలభయ్యేళ్ళ బీడీల పొగ ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. రెండేళ్ళుగా ఆయన ముక్కుకు సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర మంచం పక్కన ఆక్సిజన్ మిషను. గదిలో గాలి పీల్చుకుని, అందులోంచి ప్రాణవాయువు వేరుచేసి ఆయనకందించే ఆ మిషను రోజుకు పద్దెనిమిది గంటలు నడవాలి. పైన మూడు దీపాలు. పచ్చది వెలిగితే అంతా బాగున్నట్టు, పసుపుది వెలిగితే జాగ్రత్త పడమని, ఎర్రది వెలిగితే ఇక వస్తున్నది ఉత్త గాలేనని.

అప్పుడు పచ్చదీపం వెలుగుతోంది.

*

ఆ వారం ఇంట్లో పండగే. మర్దనా మిషను బుర్రుమంది. గుడ్ల డబ్బా వేడెక్కింది. ప్రొజెక్టరు గోడ మీద మంచుకొండల మీద ఎవరో తెల్లవాళ్ళు జారుతున్న బొమ్మ వేసింది. వీధిలో ఆడవాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. అప్పలనరసమ్మ ఒక్కొక్క మిషనూ ఒక్క నిమిషం నడిపి చూపించి, అరిగిపోతుందని వెంటనే ఆపేసి, షోకేసులో పెట్టేసింది. మంగళవారం నాటికి టేప్ రికార్డరు కూడా పీట దిగింది. దాని తలుపు తెరిస్తే లోపల ఉన్న రబ్బరు బెల్టు చిన్నపిల్ల జడకు కట్టే రబ్బరులా మెత్తగా సాగింది. హైమ ఆ సంగతి పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

మధ్యలో మిక్సీ కాలిపోయింది. గోడవతల వంటింట్లో ఉన్న ఫ్రిజ్ చల్లదనం మానేసింది. ఆక్సిజన్ మిషను మీద ఆదివారం ఒకసారి పసుపుదీపం వెలిగి ఆరింది. సోమవారం మళ్ళీ వెలిగి, ఇక ఆరలేదు. “ధూళి పట్టుంటుంది,” అని హైమ జాలీ కడిగి ఆరబెట్టింది.

బుధవారం మెకానిక్ నూకరాజు వచ్చి మిషను విప్పాడు. లోపల తెల్లపొడి నింపిన రెండు గొట్టాలు ఉంటాయి. ప్రాణవాయువును వేరుచేసేది ఆ పొడే.

“మేడమ్, ఈ పొడి మార్పించింది ఎప్పుడు?”

“నాలుగు నెలలైంది. నువ్వే మార్చావు కదా.”

“నానే మార్చినాను. కానీ ఇది పదేళ్ళు తొక్కీసిన పొడిలాగుంది. మోటారు కూడా అంతే, బేరింగులు చూడండి. ఇంత ముసిల్దెప్పుడైపోయింది మేడమ్ ఇది?” అని తల గోక్కున్నాడు. “కొత్త గొట్టాలు హైదరాబాదు నుంచి రావాలి. శనివారం.”

పదేళ్ళు తొక్కిన పొడి. హైమ చేతిలో పెన్ను ఆగిపోయింది. తలతిప్పి షోకేసు వైపు చూసింది. మిలమిలా మెరుస్తున్న టేప్ రికార్డరు. మిలమిలా మెరుస్తున్న గుడ్ల డబ్బా. షోకేసుకీ మామగారి మంచానికీ మధ్య ఆరడుగుల దూరం. ఫ్రిజ్‌కీ షోకేసుకీ మధ్య ఒక్క గోడ. పడగ్గదిలో ఏసీకి ఏమీ కాలేదు. మెట్ల కింద ఇన్వర్టరుకి ఏమీ కాలేదు. ప్రయోగశాలలో ఫ్యాను, స్టెబిలైజరు, కెటిలు. పీట పక్కనే నిలబడి వంగి చూసే మనిషి చెవిలో మిషను.

తుప్పు వెనక్కి పోలేదు. అరుగుదల ఎక్కడికీ పోలేదు. చోటు మారిందంతే. పీట మీద కూర్చున్నదాన్ని కొత్తది చేసి, దాని వయసంతా తీసుకెళ్ళి పదడుగుల్లోపు నడుస్తున్న యంత్రం నెత్తిన పెడుతోంది. ఏదీ నడవకపోతే ఊరికే పక్కనున్నదాని మీదికి.

చెప్పాపెట్టకుండా పీటను షోకేసులోంచి లాగి, పెరట్లో తులసికోట అవతల పెట్టింది. తర్వాత వరాహమూర్తి గారికి ఫోను చేసింది.

“సార్, అరుగుదల నడిచేవాటికి పోతోంది!”

“ఆ, ఆ, భోంచేశానమ్మా.”

“అయ్యో! మీ చెవి మిషను సార్!”

“అది నాలుగోది, నువ్వు పీట పట్టుకెళ్ళిన రోజే అదీ పోయింది. ఉప్పుగాలి!”

ఇక లాభం లేదని సందేశం పంపింది. రెండు నిమిషాలకు జవాబొచ్చింది: ‘నా చెవులు తిని రేడియోకి పోశామన్నమాట.’ వెనకే ఇంకొకటి: ‘వచ్చే బుధవారం వాళ్ళకేం చెబుదాం?’

హైమ వెంటనే రాసింది: ‘ఉన్నది ఉన్నట్టు చెబుదాం సార్. కొన్నవాళ్ళ ఇంట్లో ఏ మూల ఏ మిషను ఎవరి ప్రాణం మోస్తోందో మనకేం తెలుసు?’

‘వాళ్ళు లేచి వెళ్ళిపోతారు.’

‘వెళ్ళనివ్వండి.’

*

శనివారం గొట్టాలొచ్చేదాకా గట్టెక్కితే చాలు అనుకుంది హైమ. గురువారం రాత్రి నుంచి గాలి మొదలైంది. వాయుగుండం తుఫానై తీరం వైపు తిరిగిందని తెలిసి, కరెంటు ఆఫీసులో పనిచేసే ఆమె భర్త సన్యాసిరావు రెయిన్‌కోటు తగిలించుకుని డ్యూటీకి పోయాడు. శుక్రవారం పొద్దున్న ఆరింటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. తొమ్మిదింటికి ఆక్సిజన్ మిషను మీద ఎర్రదీపం వెలిగింది.

ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు తగిలించారు. అది రెండు గంటలు వచ్చింది. అంబులెన్సుకు ఫోను చేస్తే, రోడ్లకడ్డంగా చెట్లు పడ్డాయి, ఎప్పటికి రాగలమో చెప్పలేమన్నారు. సన్యాసిరావుకు చేస్తే గాలిలో సగం మాటలే వినిపించాయి. “సాయంత్రం దాకా... ఏం చేస్తావో హైమా... నాన్నను...”

పదకొండింటికి సిలిండరు ముల్లు సున్నా మీద పడింది. పైడయ్య కూర్చుని, రెండు చేతులూ మంచం పట్టెమీద ఆన్చి, భుజాలెగరేసి గాలి తీసుకుంటున్నాడు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో కొలవడానికి వేలికి తగిలించిన చిన్న మిషను ఎనభై రెండు అని చూపించింది. తర్వాత ఎనభై.

హైమ వానలో పెరట్లోకి పరుగెత్తింది. తులసికోట అవతల నుంచి పీట తెచ్చి, చీర చెంగుతో తుడిచింది. పసుపు పోలేదు.

“అత్తా, ఇలా రా! మిషను ఎత్తాలి. దీని మీద పెట్టాలి.”

“అదే కదే మిషన్ని తినీసినాదన్నావు?”

“అవును. ఇప్పుడు మిషను తింటుంది, మిగతావి పెడతాయి. పట్టు!”

ఇద్దరూ కలిసి బరువైన మిషను ఎత్తి పీట మీద నిలబెట్టారు. హైమ చకచకా ఆలోచించింది. ఈ గదిలో ఇంకేమీ నడవకూడదు. నడిచేది ఏదున్నా పీట దాని వెంట పడుతుంది. గోడగడియారంలోంచి సెల్లు పీకేసింది. ఇన్వర్టరు దూరంగా మెట్ల కింద ఉంది, ఫరవాలేదు. తన ఫోను ఆపేసింది. సన్యాసిరావు గొంతు కూడా ఇక లేదు. చివరికి మామగారి వేలికున్న చిన్న మిషను కూడా తీసి పెరట్లోకి విసిరేసింది. ఇక అంకె లేదు. ఆయన గోళ్ళు చూసి చెప్పుకోవాల్సిందే. గోళ్ళు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

“షోకేసు తియ్యత్తా.”

అప్పలనరసమ్మ చెయ్యి బొడ్లోకి వెళ్ళింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. తర్వాత తాళం తీసి, ఆవిడే మర్దనా మిషను తెచ్చి పీటకు ఆనించింది.

“తిను,” అంది పీటతో, పిల్లాడికి ముద్ద పెడుతున్నట్టు.

కాసేపటికి మర్దనా మిషను ప్లాస్టిక్కు పసుపెక్కి, టిక్కుమని పగిలింది. గుడ్ల డబ్బా తెచ్చింది. దాని తీగ పెళుసై రాలిపోయింది. రొట్టెల మిషను, జుట్టు మిషను, ప్రొజెక్టరు. ప్రొజెక్టరు అద్దం మీద పొర కమ్ముతుంటే ముసలమ్మ “మంచుకొండలు పోనాయి,” అని గొణిగింది. బయట ఎవరిదో రేకు పైకప్పు లేచిపోయి గోడకు కొట్టుకుంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

ఎర్రదీపం ఆరింది! పసుపుదీపం వెలిగింది.

“వొచ్చినాది! వొచ్చినాది కోడలా!” అప్పలనరసమ్మ హైమ భుజం చరిచింది.

కానీ అది అక్కడే ఆగింది. ఊరికే పడున్న వస్తువులు వయసును మెల్లగా తీసుకుంటాయి. పైడయ్య గోళ్ళు ఇంకా నేరేడు రంగులోనే ఉన్నాయి. షోకేసులో ఇంకొక్కటే మిగిలింది, పై అరలో, తెల్లగుడ్డ కింద.

“నడిచేదైతే ఒక్కసారిగా తీసుకుంటుందత్తా,” అంది హైమ. “అది సెల్లులతో నడుస్తుంది. దాన్ని మోగించాలి.”

అప్పలనరసమ్మ కదల్లేదు. ఆ టేప్ రికార్డరు మోగింది జన్మకు ఒక్కరోజు. కొన్ననాడు, పండగలో. పైడయ్యప్పుడు తప్పెటగుళ్ళ జట్టులో ఆడేవాడు. రేకు తప్పెట గుండెకు కట్టుకుని, ఎగిరెగిరి వాయిస్తూ, పాట తానే ఎత్తుకునేవాడు. ఆ రోజు వీధిలో ఆడిందంతా ఆ పెట్టెలోకి ఎక్కించాడు. మర్నాడు ఆవిడ దాని మీద గుడ్డ కప్పేసింది. అరిగిపోతే ఆ పాట మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?

“నర్సమ్మా,” అన్నాడు పైడయ్య. రెండు మాటల మధ్య మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు. “ముప్ఫయ్యెనిమిదేళ్ళైపోనాది. ఒక్కసారి... ఎయ్యవే.”

ఆవిడ పై అరలోంచి దాన్ని రెండు చేతులా దింపింది. హైమ టార్చిలైట్లలోంచి సెల్లులు పీకి అందులో వేసి, పీటకు ఆనించి పెట్టింది. మీట నొక్కాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు. అప్పలనరసమ్మ బొటనవేలితో గట్టిగా నొక్కింది.

ముందు గరగరమంది. తర్వాత గది నిండిపోయింది. ఇరవై తప్పెటలు ఒక్క దెబ్బగా, కాళ్ళ గజ్జెలు, వీధిలో జనం ఈలలు, వాటన్నిటి మీంచి ఒక కుర్రాడి గొంతు. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, అంత పొడుగు చరణం ఒక్క గుక్కలో పాడేసి, చివర “ఆహా!” అని ఎగిరాడు. ఆ ఎగిరిన చప్పుడు కూడా వినిపించింది.

తుఫాను చప్పుడు వినపడటం మానేసింది. పైడయ్య వేళ్ళు మంచం పట్టెమీద తాళం వేస్తున్నాయి. అప్పలనరసమ్మ మిషను మీద దీపం వైపు చూడలేదు. మొగుడి వైపే చూస్తోంది, పెళ్ళిచూపుల్లో సరిగా చూడనివ్వనట్టు.

టేప్ రికార్డరు వెండిరంగు మాసిపోవడం హైమ కళ్ళెదుటే జరిగింది. మూతమీద గీతలు పడ్డాయి. పాట నెమ్మదించింది. తప్పెటలు బరువెక్కాయి. కుర్రాడి గొంతు నడివయసువాడి గొంతైంది, తర్వాత ముసలివాడిదైంది, మంచం మీదున్నవాడి గొంతుకు దగ్గరైంది. ఇంకొక్క చరణం. బెల్టు పుటుక్కుమంది.

ఆ నిశ్శబ్దంలో ఆక్సిజన్ మిషను హాయిగా, సమంగా గుర్రుమంటోంది. మీద పచ్చదీపం.

“అత్తా! పచ్చది! అత్తా!” హైమ ఎగిరి గంతేసింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, తడిచీరతో. వంగి మామగారి చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది. నేరేడు రంగు మెల్లగా విరుగుతోంది, కింద నుంచి ఎరుపు పాకుతోంది.

పైడయ్య పొడుగ్గా ఒక ఊపిరి తీసుకున్నాడు. ఇంకొకటి తీసుకుని, “ఆ చివర ఎగిరినాను సూడు,” అన్నాడు, “కాలు బెనికింది. వారం రోజులు కుంటినాను. నీకు సెప్పనేదు.”

“నాకు తెల్దేటి?” అంది ఆవిడ.

*

చీకటి పడేవేళకు కరెంటొచ్చింది. దాని వెనకే, నడుము దాకా బురదతో, సన్యాసిరావు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ముందు తండ్రిని చూశాడు. తండ్రి గంజి తాగుతున్నాడు. అతను తలుపుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు కాసేపు. కళ్ళు తెరిచాక ఖాళీ షోకేసు కనిపించింది. నేలమీద పగిలిన ప్లాస్టిక్కు, రాలిన తీగలు, చిల్లులు పడ్డ రేకులు. వాటి మధ్య అమ్మ. ఒళ్ళో నల్లబడిపోయిన టేప్ రికార్డరు పెట్టుకుని, పాత పంచె ముక్కతో తుడుస్తోంది. శుక్రవారం కదా.

“అమ్మా!” అన్నాడు బిత్తరపోయి. చిన్నప్పుడు దాని గుడ్డ ఎత్తి చూసినందుకే వీపు చిట్లగొట్టించుకున్నవాడు. “టేప్ రికార్డరు! ఎవులే పాడు చేసీసింది?”

అప్పలనరసమ్మ తలెత్తకుండానే, మీట చుట్టూ ఉన్న మసి తుడుస్తూ అంది:

“పాడు సెయ్యనేదురా. వాడీసినాం.”